నానిన వేళ్ళు

ఆపరేషన్ గదిలో ఏం జరిగిందో డాక్టరు బయటికొచ్చి చెప్పేదాకా ఎవరికీ తెలియదు. కింది అంతస్తులో పనిముట్లు కడిగేవాళ్ళకి మాత్రం ట్రాలీ తలుపు తోసుకుని లోపలికి రాగానే తెలిసిపోతుంది. పేషంటు పేరు తెలియదు, వయసు తెలియదు, ఆడో మగో కూడా తెలియదు. కత్తెర పళ్ళ మధ్య ఇరుక్కున్నదాన్ని బట్టి, ట్రే ఎంత నిండుగా వచ్చిందన్నదాన్ని బట్టి, అన్నిటికంటే ముఖ్యంగా వచ్చిన వేళని బట్టి పైన ఎంత యుద్ధం జరిగిందో గ్రహించేస్తారు. గ్రహించి ఊరుకుంటారు. నీళ్ళ హోరులో ఆ గదిలో మాట్లాడినా ఒకరిది ఒకరికి వినపడదు.

అక్కడ పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్న ఆమెని అందరూ బ్రష్షమ్మ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. ఆపరేషన్లు చేసే రోబో వచ్చిన కొత్తలో కంపెనీ మనిషి ఒకడు వచ్చి, దాని పనిముట్లు ఎలా కడగాలో రెండు రోజులు కూర్చుని నేర్పాడు. చెయ్యంత పొడుగు సన్నటి కాడ, కొసన గోరంత మణికట్టు. ఆ మణికట్టు మన చెయ్యి తిరగని వైపులకి కూడా తిరుగుతుంది. దాన్ని మందునీళ్ళలో నానబెట్టాలి, వెనకనుంచి నీళ్ళ తుపాకీ పెట్టి తేటనీరు వచ్చేదాకా కొట్టాలి, కొసని అరవై సార్లు మెత్తటి బ్రష్షుతో తోమాలి, తోముతూ మణికట్టుని అన్ని వైపులకీ వంచాలి. నెల తిరక్కుండానే మిగతావాళ్ళు ఆ అరవైకి నీళ్ళొదిలేశారు. ఈవిడ ఒక్కతే ఇప్పటికీ, మామూలు పనిముట్లకి కూడా, పెదవులు కదుపుతూ లెక్కపెడుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పదు. అరవై అయ్యాక తలెత్తి, "ఏంటి?" అంటుంది. అప్పటికి అడిగినవాడు వెళ్ళిపోయి ఉంటాడు.

ఆ బుధవారం మధ్యాహ్నం ముందుకొచ్చిన ట్రే చూసి బ్రష్షమ్మకి ఒళ్ళు మండిపోయింది.

రోబో పనిముట్లు నాలుగూ వచ్చాయి. నాలుగింటికీ కలిపి చిటికెడు నెత్తురు లేదు. పైన వేరే ఆసుపత్రుల నుంచి వచ్చిన డాక్టర్లు పెద్ద హాల్లో తెరముందు కూర్చుని ఉంటే, వాళ్ళకి చూపించడానికి ఎవరికో పిత్తాశయం తీశారు. మామూలు పనిముట్లతో ముప్పావుగంటలో అయ్యే పని. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అదీ. చూపించే రోజున చూడ్డానికి బాగుండేదే చెయ్యాలట, ఎనిమిది గంటలు పట్టేదీ, మధ్యలో ఏమవుతుందో చెప్పలేనిదీ పెట్టుకోకూడదట. అందుకని ఆ బుధవారానికి ఉన్న కేసుని జాబితాలోంచి తీసేశారు. తీసేసిన కేసు బ్రష్షమ్మ సొంత అక్క.

అక్కకి క్లోమం తల దగ్గర గడ్డ. కడుపులో జీర్ణాశయం వెనకాల దాక్కుని ఉంటుందట ఆ క్లోమం. కళ్ళు పచ్చబడి, ఒళ్ళంతా దురదపెట్టి, పరీక్షలన్నీ చేశాక బయటపడింది. ఇంకా ఎక్కడికీ పాకలేదని స్కానింగులో చెప్పారు. తీసెయ్యగలిగినప్పుడే తీసెయ్యాలన్నారు. ఆ మాట పట్టుకునే ఇంటిల్లిపాదీ వేలాడుతున్నారు.

బ్రష్షమ్మ ఆ నాలుగు పనిముట్లనీ కూడా అరవైసార్లు తోమింది. శుభ్రంగా ఉన్నవాటిని తోముతుంటే ఏడుపొచ్చింది. ఇవి ఇవాళ అక్క కడుపులో ఉండాల్సినవి.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి బావ బస్సు డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిందట. రెండు దారులు చెప్పారట. రోబో కావాలంటే మళ్ళీ పన్నెండు రోజులకి సోమవారం ఖాళీ ఉంది. ఆగలేమంటే ఈ శుక్రవారమే ఇంకో డాక్టరుగారు మామూలుగా, కడుపు కోసి చేస్తారు. ఏదో ఒకటి రేపు పొద్దున్నకల్లా చెప్పాలి.

అక్క మిషను ముందు కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. పైత్యరసం కాలువలో గొట్టం వేశాక కళ్ళ పచ్చదనం కొంత విరిగింది గానీ మనిషి సగమైంది. పెడలు మీద కాలు మాత్రం ఎప్పటిలాగే ఆడుతోంది. చెల్లెలు రాగానే కాలు ఆపి, "చెయ్యి ఇటివ్వు" అంది.

ఇది పద్నాలుగేళ్ళ అలవాటు. మోచేతులదాకా మందపాటి గ్లౌజులు వేసుకున్నా, వేడినీళ్ళ ఆవిరికి లోపల చెమట పట్టి, సాయంత్రానికి బ్రష్షమ్మ వేళ్ళు ముడతలు పడి తెల్లగా నానిపోతాయి. అక్క ఒక్కో వేలి కొసనీ బొటనవేలితో రాసి, ఇవాళ ఎంత పని పడిందో చెప్పేది. చెప్పి, కాస్త నూనె రాసేది. "నానబెట్టిన బాదంగింజల్లా ఉన్నాయే. ఒలుచుకు తినొచ్చు" అని నవ్వేది. ఎనిమిది గంటల డ్యూటీకి ఒక రకం ముడత, పది గంటలకి ఇంకో రకం. గుడ్డ పట్టుకుని చూసి నూలెంతో పాలియెస్టరెంతో చెప్పే మనిషికి అదో లెక్కా?

"వచ్చిన బస్సు ఎక్కెయ్యాలి" అన్నాడు బావ. "వెనకాల ఖాళీ బస్సు వస్తోందని ఆగినవాళ్ళని ఇరవై ఏళ్ళుగా అద్దంలో చూస్తున్నాను. అక్కడే ఉంటారు."

బ్రష్షమ్మకి తెలియని విషయమైతే ఊరుకునేది. కానీ ఇది తన చేతికింది విషయం. పెద్ద కోత పడిన ట్రేలు ఎలా వస్తాయో తనకి తెలుసు. పక్కటెముకల్ని ఎడంగా లాగిపట్టే ఇనప కొక్కేలు ఎంతెంత ఉంటాయో, వాటిని కడిగేటప్పుడు తన భుజాలే ఎలా నొప్పెడతాయో తెలుసు. రోబో అయితే అయిదారు చిల్లులు. డాక్టరు మూలన పెట్టెలో తలపెట్టి కూర్చుంటాడు, లోపల ఆ గోరంత మణికట్లు పని చేస్తాయి. ఆ మణికట్లు ఎవరి చేతిలో శుభ్రమవుతున్నాయి? తన చేతిలో. ఇదంతా చెప్పింది. బావ వింటూనే ఉన్నాడు గానీ మొహంలో ఒప్పుకోలు కనపడలేదు.

"పన్నెండు రోజుల్లో కొంపలేం మునిగిపోవు బావా" అంది చివరికి. "నా మాట వినండి. అక్కని నిలువునా కోయించొద్దు."

ఇద్దరూ అక్క వంక చూశారు. అక్క చేతిలోని చొక్కా కాలరుని తిరగేసి, కొస లాగి, పదును చూసుకుంది.

"చిన్నీ చెప్తోందిగా. ఆగుదాం" అంది.

బావ లేచి చొక్కా విప్పుకున్నాడు. ఇంక ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తే రకం కాదు ఆయన, ఒకసారి స్టాపు దాటాక వెనక్కి చూడడు.

ఆ పన్నెండు రోజుల్లో అక్క నూట పది చొక్కాలు కుట్టింది. వద్దంటే, ఆసుపత్రికి వెళ్ళాక రెండు నెలలు ఎలాగూ కూర్చోబెడతారు కదా, బడులు తెరిచేది డాక్టర్ల కోసం ఆగుతుందా అంది. అన్నం తినేది కాదు, తిన్నట్టు కంచంలో కెలికేది. రోబో గురించి మాత్రం చెల్లెల్ని గుచ్చి గుచ్చి అడిగేది. లోపల కుట్లు అదే వేస్తుందా, ఎంత దూరందూరంగా వేస్తుంది, దారం ఎవరు అందిస్తారు, ముడి ఎలా వేస్తుంది? గడ్డని తీసేశాక క్లోమాన్ని పేగుకి కలిపి కుట్టాలని, ఆ కుట్టే అన్నిటికంటే కష్టమని, క్లోమం తడిసిన కాగితంలా చిరిగిపోతుందని పైన నర్సులు చెప్పుకునే మాటలు బ్రష్షమ్మ చెప్పింది. అక్క చేతిలోని గుడ్డని వేళ్ళ మధ్య రాసి చూసింది. అలాంటి గుడ్డకి సూది గుచ్చడం తప్పు కాదు, దారం లాగడం తప్పు అంది. డాక్టరుగారికి ఆ సంగతి చెప్పమంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

అలా నవ్వుకున్న రోజునే, మాటల్లో మాటగా, బ్రష్షమ్మ నోరు జారింది. కింద కూర్చుని మీకు పైన సంగతులెలా తెలుస్తాయే అని అక్క అడిగితే, వేళని బట్టి అంది. ఇలాంటి ఆపరేషనులో ముందు చిన్న కెమెరా పెట్టి లోపలంతా చూస్తారు. అంతా బాగుంటేనే రోబోని దగ్గరికి లాగుతారు. అప్పుడింక సాయంత్రం దాకా ట్రాలీ రాదు. వచ్చిందంటే నిండా వస్తుంది, మా నడుములు విరుగుతాయి. స్కానింగులకి కనపడని గింజలు లోపల ఎక్కడైనా చల్లుకుని ఉన్నాయనుకో, గడ్డని ముట్టుకోరు. ముట్టుకుంటే లాభం లేదట. చూసి మూసేస్తారు. అప్పుడు ట్రాలీ గంటన్నరకే వచ్చేస్తుంది, ఆ రోజు మాకు పని తక్కువ. పని తక్కువైన రోజున మాలో ఎవరికీ టీ సహించదు.

చెప్పేశాక నాలుక కరుచుకుంది. అక్క ఏమీ ఎరగనట్టు గుండీలు కుడుతోంది.

శనివారం బ్రష్షమ్మ అక్క కోసం పనిముట్లు ఏరింది. రోబో పనిముట్లకి ఆయుష్షు రాసి ఉంటుంది. ఇన్నిసార్లని వాడాక మిషనే దాన్ని ఒప్పుకోదు, బయట పారెయ్యాల్సిందే. దీనికి మూడు ప్రాణాలున్నాయి, దీనికి ఒక్కటే ఉంది అని కింద చెప్పుకుంటూ ఉంటారు. ఇంకా ఒక్కసారీ వాడని సూది పట్టుకునేది ఒకటి, కత్తెర ఒకటి, పట్టకార్లు రెండు బీరువా వెనక వరసలో ఉన్నాయి. వాటిని ముందుకి జరిపింది. ఇది నియమానికి విరుద్ధం, పాతవి అయ్యాకే కొత్తవి తియ్యాలి. పద్నాలుగేళ్ళలో ఆవిడ చేసిన దొంగతనం ఏదైనా ఉంటే ఇదే. భూతద్దం కింద ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసి, గుడ్డలో చుట్టి, టేపు వేసి, టేపు మీద తన గుర్తు రాసింది. సోమవారానికి సెలవు పెట్టలేదు. పైన ఉన్నది అక్క అని చెబితే ఇన్‌ఛార్జి మేడం ఆ రోజు పనిలోకి రానివ్వదు. రానివ్వకపోతే ఆ పనిముట్లు తిరిగొచ్చాక ఎవరో ఇరవైసార్లు తోమి అవతల పారేస్తారు.

ఆదివారం సాయంత్రం అక్కని వార్డులో చేర్చారు. ఆరు మంచాల గది. అక్క కిటికీ పక్కన మంచం అడిగి పుచ్చుకుంది. ఆసుపత్రివాళ్ళిచ్చిన గౌను కట్టుకుని, దాని పక్క కుట్టు చూసి, "ఇది కుట్టినవాడిని ఓసారి చూడాలి" అంది. అరంగుళం వదలాల్సిన చోట పావు వదిలాడట, రెండు ఉతుకులకి పిగిలిపోతుందట. బావ కిందికెళ్ళి నీళ్ళ సీసాలు తెచ్చాడు, మళ్ళీ వెళ్ళి దుప్పటి తెచ్చాడు, మళ్ళీ వెళ్ళి ఏమీ తేకుండా వచ్చాడు. చేతిలో స్టీరింగు లేకపోతే ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆయన మూడోసారి వెళ్ళినప్పుడు అక్క పిలిచింది.

"చిన్నీ, రేపు నువ్వు పైన ఉండకు. కిందే ఉండు."

"అక్కడే ఉంటాలే."

అక్క అలవాటుగా చెల్లెలి చేతిని ఒళ్ళోకి లాక్కుంది. ఆదివారం కదా, వేళ్ళు పొడిగా ఉన్నాయి. అయినా ఒక్కోటీ రాసి చూసింది.

"రేపు ఇవి బాగా నానాలి" అంది.

ఇలా దీవించమని ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు. బ్రష్షమ్మ అక్క గౌను అంచు సర్దింది. గౌను బాగా కుట్టలేదు నిజమే అంది, ఏదో ఒకటి అనాలని.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి అక్కని లోపలికి తీసుకెళ్ళారు. తలుపుల దాకా బ్రష్షమ్మ మంచం పట్టుకుని నడిచింది. తర్వాత మెట్లు దిగి, బట్టలు మార్చుకుని, గ్లౌజులు వేసుకుని తొట్టి ముందు నిలబడేసరికి ఎనిమిదిన్నర అయింది. ఆ వేళకి కడగడానికేమీ ఉండదు. మొదటి కేసులు ముగిస్తే కదా. తొట్టి తుడిచింది. తుడిచిన తొట్టిని మళ్ళీ తుడిచింది. మందునీళ్ళు కొలిచి పోసి పెట్టుకుంది. గోడ గడియారం వంక చూడకూడదనుకుంది. ప్రతి మూడు నిమిషాలకీ చూడకూడదనుకుంది.

తొమ్మిదీ నలభైకి ట్రాలీ వచ్చింది.

ట్రాలీ తోసే అతన్ని రేడియో అంటారు, మెలకువగా ఉన్నంతసేపూ మోగుతూనే ఉంటాడు కనక. ఆ రోజూ పాట పాడుకుంటూ వచ్చాడు. ట్రాలీలో ఒక్కటే ట్రే, చిన్నది. అది ఏ గదిదో బ్రష్షమ్మ అడగలేదు. వేరే గదిది అయ్యుండొచ్చు. చెవి కోసం, ముక్కు కోసం చేసే చిన్న చిన్న ఆపరేషన్లు ఎన్ని లేవు? ఆ ట్రే మూత మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"ఇవాళ నక్కతోక నువ్వే తొక్కినట్టున్నావు బ్రష్షమ్మా" అన్నాడు రేడియో. "రోబో కేసు అయిపోయింది. ఇదొక్కటే కడిగేది. మిగతావి విప్పనే లేదు, వేసిన టేపు వేసినట్టే ఉంది. అటు శుభ్రమైనవి తీసుకునే కిటికీలో ఇచ్చేసి వస్తున్నా. సాయంత్రం దాకా కాళ్ళు చాపుకో."

అతను మంచివాడు. తెలిస్తే నాలుక కోసుకునేవాడు. తెలియదు కనక ఆ పాట ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచి అందుకుని వెళ్ళిపోయాడు.

బ్రష్షమ్మ మూత తీసింది. కెమెరా కాడ, మామూలు పట్టకార్లు రెండు, చివరగా ముక్క తీసే సన్న చిమటా. చిమటా పళ్ళ మధ్య ఆవగింజలో సగం, తెల్లటి నలక ఒకటి అతుక్కుని ఉంది. అసలు ముక్క పరీక్షకి వెళ్ళిపోయింది, ఇది మిగిలింది. ఇలాంటి నలకలు ఎన్ని తోమిందో లెక్కలేదు. దాన్ని చాలాసేపు చూసింది. ఇంత చిన్నది. దీన్ని చూసి అంతమంది డాక్టర్లు, అంత పెద్ద మిషను వెనక్కి తగ్గారు.

మందునీళ్ళలో ముంచింది. బ్రష్షు తీసుకుంది. ఒకటి, రెండు, మూడు. పదిహేడు దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. పన్నెండు దగ్గర ఆగిపోయింది. పన్నెండు రోజులు. ఆ గింజలు ఈ పన్నెండు రోజుల్లో మొలిచాయా, అంతకు ముందే ఉన్నాయా, ఏ డాక్టరూ చెప్పలేడు. శుక్రవారం కోసి ఉంటే ఇవే కనపడి ఉండేవేమో. కనపడకపోయేవేమో. ఎవరూ చెప్పలేని సంగతి కనక జీవితాంతం తనే చెప్పుకోవాలి. ఆ లెక్క నేర్చుకున్నాక మొదటిసారి బ్రష్షమ్మ అరవై పూర్తి చెయ్యకుండా బ్రష్షు పక్కన పెట్టింది. పెట్టి, మళ్ళీ తీసుకుని, మొదటినుంచి అరవై తోమింది. చిమటా పాపం ఏం చేసింది?

గ్లౌజులు విప్పి ఇన్‌ఛార్జి మేడం బల్ల దగ్గరికి వెళ్ళింది. పై గదిలో ఉన్నది మా అక్క అని చెప్పింది. మేడం ఎందుకు దాచావని అడగబోయి, తలెత్తి గడియారం చూసింది. తొమ్మిదీ యాభై అయిదు. ఆవిడా ఆ గదిలో మనిషే. కుర్చీలోంచి లేచి, "వెళ్ళు, ఇక్కడ నేను చూసుకుంటాను" అంది.

పై అంతస్తులో హాలు నిండా జనం. బావ కిటికీ దగ్గర నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. మరదల్ని చూడగానే ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, రెండో చెయ్యి ఊపాడు. ఆయన మొహం అలా వెలగడం చూసి చాలా కాలమైంది. ఇప్పుడే లోపలినుంచి ఒకమ్మాయి వచ్చి ఆపరేషన్ అయిపోయింది, మెలకువ వచ్చే గదికి మార్చారు, డాక్టరుగారు ఇంకో అర్జెంటు కేసు చూసి వచ్చి మాట్లాడతారు అని చెప్పిందట. ఎనిమిది గంటలన్నది గంటన్నరలో చేసేశారట. ఇప్పటికే అయిదుగురికి ఫోన్లు చేశాడట. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత ముందుగా చేరిన బండిని చూడలేదని చెప్పి నవ్వాడు. నవ్వుతూనే చొక్కా చేతికి కళ్ళు తుడుచుకున్నాడు.

"నీ మాట విన్నాం కనక సరిపోయింది" అన్నాడు. "నేను శుక్రవారమే కోయించేద్దామన్నాను చూడు. నీ కాళ్ళకి దణ్ణం పెట్టాలమ్మా."

చెప్పాలి. నోరు తెరిచింది కూడా. కానీ ఇంకో ఫోను మోగింది. ఆయన తీసి, "ఆ, అయిపోయింది, అయిపోయింది" అంటూ కిటికీ వైపు తిరిగాడు. ఆయన వీపు కూడా సంతోషంగా ఉంది. బ్రష్షమ్మ తన గుర్తింపు కార్డు తలుపుకి చూపించి లోపలికి వెళ్ళిపోయింది. పిరికితనమే. ఆవిడకి తెలుసు.

మెలకువ వచ్చే గదిలో నాలుగు మంచాలుంటే, ఒక్క మంచం మీదే మనిషి ఉంది. పొద్దుటి పూట కదా, మిగతావాళ్ళు ఇంకా లోపలే ఉన్నారు. ఎదురుగా గోడకి పళ్ళెమంత గడియారం. పదీ పది చూపిస్తోంది. బ్రష్షమ్మ ముందు చేసిన పని మంచం చుట్టూ తెర లాగడం. నర్సు వింతగా చూసింది. ఆ గదికి కిటికీలు లేవు. ఇంక వేళ ఎంతో చెప్పేది తనొక్కతే.

అక్క కడుపు మీద దుప్పటి కొంచెం ఎత్తి చూసింది. మూడు చిన్న పట్టీలు. ఒక్కోటీ గుండీ అంత. దుప్పటి కప్పేసింది.

చాలాసేపు గడిచింది. అక్క రెప్పలు కదిలాయి, మూసుకున్నాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. బ్రష్షమ్మ తడిగుడ్డతో అద్దింది. అక్క చూపు కాసేపు తెర మీద తిరిగింది, పైకప్పు మీద తిరిగింది. దేన్నో వెతుకుతోంది. చివరికి చెల్లెలి మొహం మీద ఆగింది.

"టైమెంత?"

ఆ ప్రశ్న వస్తుందని తెలిసే తెర లాగింది.

"నాలుగు దాటిందక్కా."

అక్క తల కొంచెం ఆడించింది. నమ్మినట్టే కళ్ళు మూసుకుంది. బ్రష్షమ్మ కొంగులాంటిదేదైనా ఉంటే మొహం కప్పుకుందామనుకుంది గానీ వేసుకున్నది పని బట్టలు. నాలుగని చెప్పినందుకు, రేపు ఆ నాలుగుని ఎలా మింగాలో ఆలోచిస్తోంది. అంతలో దుప్పటి కిందనుంచి అక్క చెయ్యి బయటికొచ్చింది. సెలైను గొట్టం ఉన్న చెయ్యే. మంచం పట్టీ మీద తడుముకుంటూ వచ్చి చెల్లెలి చేతిని పట్టుకుంది.

బ్రష్షమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి లాక్కుందామనుకుంది. లాక్కోలేకపోయింది.

అక్క బొటనవేలు చూపుడువేలి కొస మీదకి వచ్చింది. ఆగి ఆగి రాసింది. మధ్యవేలు. ఉంగరంవేలు. చిటికెనవేలు. గుడ్డ రకం తేల్చుకునేటప్పుడు రాసినట్టే, తొందరేమీ లేకుండా. మళ్ళీ చూపుడువేలికి వచ్చి అక్కడ ఆపేసింది.

"నానలేదే" అంది.

నర్సు ఎక్కడో సీసాలు సర్దుతోంది. బ్రష్షమ్మ మంచం పట్టీకి నుదురు ఆనించింది. ఇంక దాచడానికి ఏమీ లేదు. ఉన్న ఒక్క మాటా బయటికొచ్చింది.

"ఆగమన్నది నేనేనక్కా."

అక్క బొటనవేలు కదల్లేదు. మత్తులోకి జారుకుందేమో అనుకుంది చెల్లెలు. తప్పు లేదు అని అంటుందని ఎదురుచూసింది, నీ వల్లే అని అన్నా బాగుండుననుకుంది. అక్క పెదవులు తడుపుకుంది.

"ఆగింది నేను కదా" అంది. కాసేపటికి, "కోత ఎంతుంది?" అని అడిగింది.

"కోత లేదు. మూడు చిల్లులు. గుండీలంత."

"అయితే కూర్చుని కుట్టుకోవచ్చు" అంది అక్క. ఆమె కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. వాటిని తుడవనివ్వలేదు, పట్టుకున్న చెయ్యి వదలకుండా. "మీ బావ ఏం చేస్తున్నారు?"

"ఫోన్లు చేస్తున్నారు. అందరికీ. తొందరగా అయిపోయిందని." ఇంకా చెప్పాలి. "చాలా సంతోషంగా ఉన్నారక్కా. నేను చెప్పలేకపోయాను. ఇప్పుడు వెళ్ళి చెప్తాను."

లేవబోయింది. అక్క వేళ్ళలో బలమేమీ లేదు, అయినా లేవనివ్వలేదు.

"డాక్టరు ఎప్పుడొస్తాడు?"

"ఇంకో గంట పడుతుందేమో."

"సరే" అంది అక్క. కళ్ళు మూసుకుంది. "ఆ గంటా చేసుకోనీ."